గోడ బెంచీ మీంచి ఒక ‘కాదు’

“కాదు!”

ఆ మాట సెనేట్ గదిలో ఎంత గట్టిగా మోగిందంటే, కిటికీ పక్కన కునికిపాట్లు పడుతున్న విలేకరి కూడా ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. అన్నదెవరో ఒక్క క్షణం ఎవరికీ అంతుపట్టలేదు. ఒడెట్ ఫోర్షేకి అసలే అంతుపట్టలేదు. రెండో వరసలో సెనేటర్ ఎల్డన్ బటర్‌ఫీల్డ్ బట్టతల మెల్లగా వెనక్కి తిరిగింది. తర్వాత ఇంకొకరు తిరిగారు, ఇంకొకరు. అందరూ ఇటే చూస్తున్నారేమిటా అని ఆవిడ తన వెనక్కి తిరిగి చూసింది కూడా. వెనక గోడ తప్ప ఏమీ లేదు. అప్పుడు తెలిసొచ్చింది, ఆ నోరు తనదేనని.

ఇంకేముంది, కొంపలంటుకున్నాయి.

ఆ గదిలో అవునూ కాదూ అనే హక్కు సెనేటర్లకే ఉంది. ఒడెట్ ఇప్పుడు సెనేటర్ కాదు. ఒకప్పుడు సెనేటరే, ఇరవయ్యేళ్ళకు పైగా. కెనడా సరిహద్దును ఆనుకున్న పాడిరైతుల జిల్లా ఆవిడ నిలబడ్డ ప్రతిసారీ గెలిపించి రాష్ట్ర రాజధాని మాంట్‌పిలియర్‌కి పంపింది. కిందటేడాది జనవరిలో, ఇక చాలని తనంతట తానే దిగిపోయింది. ఈ జనవరిలో మళ్ళీ అదే భవనంలోకి వచ్చింది గానీ, ఈసారి మెళ్ళో లాబీయిస్టు బ్యాడ్జీతో వచ్చింది. కంపెనీల తరఫున సెనేటర్లకు నచ్చజెప్పే ఉద్యోగమన్నమాట. అలాంటివాళ్ళు గోడవారన బెంచీల మీద నోరు మూసుకుని కూర్చోవాలి. ఓటింగప్పుడు పక్కవాడితో గుసగుసలాడినా సభ కాపలా చూసే సార్జెంటు కళ్ళెర్రజేస్తాడు.

పోనీ, నోరు జారితే జారింది, తనను పెట్టుకున్న కంపెనీకి పనికొచ్చే మాటైనా అందా? అదీ లేదు! కొండల అడుగు నుంచి ఊటనీళ్ళు ఇంకాస్త ఎక్కువగా తోడి సీసాల్లో అమ్ముకుంటామని గ్రానైట్ హిల్ అనే కంపెనీ బిల్లు పెట్టించింది. దాన్ని నెగ్గించడానికే ఒడెట్‌ను పెట్టుకుంది. రెండు నెలలుగా ఆవిడ ఒక్కో సెనేటర్ చెవిలో అవుననండి, అవుననండి అని పోరుతోంది. తీరా సభాధ్యక్షురాలు “కాదన్నవారు?” అని అడిగేసరికి, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా కాదన్నది ఆవిడే.

అధ్యక్షురాలు కళ్ళద్దాలు సవరించుకుంది. “కాదన్నవారిదే పైచేయిలా ఉంది...” అని నసిగింది.

బిల్లు పెట్టిన సెనేటర్ చివాల్న లేచాడు. “అధ్యక్షా, ఆ ‘కాదు’ ఎవరిదండీ? గోడదా? గోడలకు కూడా ఓటిచ్చారా?”

గదంతా గొల్లుమంది. ఒడెట్ చెవులు కాలిపోయాయి. నోటిమాట ఓటు పక్కనపెట్టి, సెనేటర్లను నిలబెట్టి తలలు లెక్కపెట్టారు. బిల్లు కొద్దిలో ఓడిపోయింది. ఆ లెక్క పూర్తయ్యే లోపే, ఇన్నేళ్ళూ ఆవిడకు తలుపు తీసి పట్టుకున్న సార్జెంటు దగ్గరికొచ్చి, “కొంచెం బయటికి వస్తారామ్మా?” అన్నాడు. పాపం, ఆయన ముఖమే ఎక్కువ వాడిపోయింది.

వరండాలో గ్రాంట్ వీలాక్ పట్టుకున్నాడు. ఆవిడకు ఉద్యోగమిచ్చిన లాబీయింగు సంస్థ యజమాని అతను. కొడుకు వయసు, బూట్ల మీద బురద మరక ఎప్పుడూ ఉండదు.

“ఏంటండీ ఒడెట్ గారూ, ఏమైందండీ మీకు?”

“ఏమో నాయనా. నోరు జారింది.”

“జారడమేంటండీ! అవతలివాళ్ళ దగ్గర మీరేమైనా పుచ్చుకున్నారా అని కంపెనీవాళ్ళు ఇప్పుడే ఫోన్ చేసి అడిగారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టారని రేపు పేపర్లో రాస్తారు.”

 పిచ్చిది అంటే ఒడెట్ పడుతుంది, ముసలిదంటే పడుతుంది. అమ్ముడుపోయిందంటే మాత్రం ఎలా పడుతుంది? ఇరవయ్యేళ్ళలో ఆవిడను పొగరుబోతనీ, మొండిదనీ, నోటిదురుసు మనిషనీ అనని వాడు లేడు. ఆ మాట మాత్రం ఎవడూ అనలేదు.

“శుక్రవారం ఎథిక్స్ కమిటీ ముందు హాజరవ్వాలట,” అన్నాడు గ్రాంట్ గొంతు తగ్గించి. “నేను చెప్పినట్టు చేయండి. దగ్గు వచ్చిందని చెబుదాం.”

“దగ్గా?”

“దగ్గేనండీ. గదిలో హీటర్ల వేడికి గొంతు ఆరిపోయింది, దగ్గారు. అది ‘కాదు’ అన్నట్టు వినబడింది. నేనే చెబుతాను, మీరు నోరు మెదపకండి. బ్యాడ్జీ నిలబడుతుంది. బ్యాడ్జీ పోతే ఈ భవనంలో మీకు పనే ఉండదు. తెలుసుగా?”

తెలియకేం! ఆవిడ ఈ ఉద్యోగంలో చేరిందే ఈ భవనం కోసం. జీతం కోసం కాదు, ఊటనీళ్ళ మీద ప్రేమతో అసలే కాదు. ఈ బిల్లు ఇంతకుముందు మూడుసార్లు వస్తే మూడుసార్లూ దగ్గరుండి తొక్కేసింది తనే. పదవి దిగాక ఏడాదిపాటు ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కినంత పనైంది. సెనేట్ చర్చలు ప్రసారమవుతుంటే వంటగదిలో రేడియో ముందు నిలబడి అరిచేది. “అది నీ మాట వినదే, కట్టెయ్,” అనేవాడు భర్త లియో. ఏడాది నిండగానే గ్రాంట్ ఫోన్ చేశాడు. కంపెనీ వస్తే జిల్లాలో పనులొస్తాయి కదా అని ఆవిడ తనకు తానే నచ్చజెప్పుకుంది. ఆవిడ ఏం చెప్పినా నమ్మే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. అది ఆవిడే.

ఆ ఏడాది సంగతి కూడా చెప్పాలి. పదవి దిగినవాళ్ళు ఏడాదిదాకా లాబీయింగు జోలికి పోకూడదన్న నియమం తెచ్చింది ఎవరనుకున్నారు? ఒడెట్టే. అసలు రెండేళ్ళు అడిగింది. “మా ఊళ్ళో ఏడాదిలో చెప్పుల బురద కూడా ఆరదు, పరిచయాలు ఆరతాయా?” అని సభలో దెబ్బలాడింది. పక్క కుర్చీలో ఉండే ఎల్డన్ బటర్‌ఫీల్డ్ అడ్డుపడి దాన్ని ఏడాదికి కోయించాడు. ఎథిక్స్ కమిటీకి ఇప్పుడు అధ్యక్షుడు కూడా ఆ ఎల్డనే. బాగుంది కదూ!

ఇంటికెళ్ళేసరికి లియో బూట్లు విప్పుకుంటున్నాడు. రేడియోలో అంతా విన్నాడట.

“నువ్వేనా అది?” అన్నాడు.

“నేనే.”

“అనుకున్నా. కాఫీ ఒలకబోసుకున్నాను.” నవ్వు ఆపుకోవడానికి చూశాడు గానీ ఆయనవల్ల కాలేదు.

“నవ్వు, నవ్వు. పరువు పోయి నేనేడుస్తుంటే నీకు వేళాకోళంగా ఉంది.”

లియో నవ్వాపి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “ఒక మాట చెప్పనా? మన ఆవులు అమ్మేశాక నేనూ ఎన్నాళ్ళో తెల్లారకుండానే లేచేవాణ్ణి. చేతులు ఊరుకునేవి కావు. అలాగని పక్కింటివాడి పాకలోకి పోయి వాడి ఆవుల్ని పితకలేదు కదే!”

“అంటే?”

“అంటే ఏం లేదు. బీన్సు వేడిగా ఉన్నాయి, తిను.”

ఒడెట్ ముఖం మాడ్చుకుని తింది. ఒళ్ళు మండిపోయింది ఆ మనిషి మీద. నిజం చెప్పినవాళ్ళ మీద ఆవిడకెప్పుడూ మొదట మంటే వస్తుంది. మెత్తబడటానికి మామూలుగా ఒక పూట పడుతుంది. ఈసారి శుక్రవారందాకా పట్టింది.

శుక్రవారం పొద్దున కమిటీ గదిలో బల్లకు అటు ముగ్గురు సెనేటర్లు, మధ్యలో ఎల్డన్. ఇటు ఒడెట్, పక్కన గ్రాంట్. ఎల్డన్ ఆవిడ కళ్ళలోకి చూడలేదు. జనవరి నుంచీ అంతే. కాంటీన్లో ఎప్పుడూ కలిసి కూర్చునే బల్ల దగ్గర మొదటిరోజే ఆవిడ తన పళ్ళెంలోంచి ఒక డోనట్ తీసి, అలవాటుగా ఆయన ముందు పెట్టింది. ఎల్డన్ దాన్ని పామును చూసినట్టు చూశాడు. “లాబీయిస్టు పెట్టింది తినకూడదు ఒడెట్, క్షమించు,” అని ట్రే పట్టుకుని లేచిపోయాడు. అప్పటినుంచి ఎవరైనా అంతే. మాట్లాడతారు, నవ్వుతారు, కాఫీ డబ్బులు మాత్రం ఎవరివి వాళ్ళే ఇచ్చుకుంటారు. తను పెట్టిన నియమాలే కదా అని సరిపెట్టుకుంది గానీ, ఒంటరిగా తినే తిండి గొంతు దిగదు.

గ్రాంట్ లేచి దగ్గు కథ చెప్పాడు. చక్కగా చెప్పాడు. హీటర్ల గురించి, పొడిగాలి గురించి, పెద్ద వయసు గురించి చెప్పాడు. పెద్ద వయసు దగ్గర ఒడెట్ అతని వంక ఒక చూపు చూసింది.

ఎల్డన్ ముఖంలో కాస్త వెలుగొచ్చింది. ఆయనకూ ఈ గొడవ ఎలాగోలా తెమిలిపోతే చాలనే ఉంది. “అవునవును, ఆ గది పొడిగానే ఉంటుంది. దగ్గే అయ్యుంటుంది,” అన్నాడు. “ఫోర్షే గారూ, అంతేనా?”

ఒడెట్ నోరు తెరిచేలోపు చివరన కూర్చున్న సెనేటరమ్మ చెయ్యెత్తింది. “రికార్డింగు ఉంది కదా, ఒకసారి విందాం. దగ్గైతే తెలిసిపోతుంది.”

విన్నారు. ముందు అధ్యక్షురాలి గొంతు, అవునన్నవారి గొణుగుడు. తర్వాత “కాదన్నవారు?” అన్న ప్రశ్న. ఆ వెంటనే వచ్చింది ఆ “కాదు!”

గది కిటికీలు అదిరాయి. అది దగ్గైతే ప్రపంచంలో మాటన్నదే లేదు. ఎల్డన్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నారు, కానీ భుజాలు నవ్వుకి ఊగుతున్నాయి. పక్కనున్న సెనేటర్ నవ్వు మింగాడు. గ్రాంట్ కాయితాల్లోకి తల దూర్చాడు.

ఒడెట్‌కి మాత్రం నవ్వు రాలేదు. రెండు నెలలుగా ఈ భవనంలో తను ఎన్ని మాటలు మాట్లాడిందో! తేనె పూసినట్టు, మెత్తగా, ‘ఒకసారి ఆలోచించండి’ అంటూ. వాటిలో ఒక్కటైనా ఈ గొంతుతో అన్నదా? ఈ గొంతు ఎక్కడికి పోయిందా అని తనే వెతుక్కుంటున్నట్టుంది. విని ఎన్నాళ్ళయిందో! దాన్ని దగ్గని చెప్పమంటున్నారు. బ్యాడ్జీ పోతే పోయిందిగానీ, ఆ గొంతును దగ్గని ఆవిడ అనలేదు.

“దగ్గు కాదు ఎల్డన్,” అంది.

“ఒడెట్ గారూ!” గ్రాంట్ మోచేత్తో పొడిచాడు.

“ఉండు నాయనా. నేను కాదన్నాను, అంతే. ఎవరూ అనమనలేదు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు, మా ఇంట్లో ఏ మూలైనా వెతుక్కోండి. అధ్యక్షురాలు ‘కాదన్నవారు?’ అని అడిగింది, నాకు ఆ బిల్లు గిట్టదు, నోరు వచ్చేసింది. గిట్టని బిల్లు కోసం రెండు నెలలు తిరిగాను చూశారూ, అదీ సిగ్గుచేటు. కావాలంటే దానికి వేయండి శిక్ష.”

  ఒడెట్‌కి ఎందుకో, ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయినట్టు ఊపిరి హాయిగా ఆడుతోంది.

ఎల్డన్ ఆవిడను మొదటిసారి సూటిగా చూశాడు. “మనం ఆ నియమం పెట్టినప్పుడు, మేం నిన్ను మర్చిపోవడానికి ఎన్నాళ్ళు పడుతుందనే లెక్క చూశాం. నువ్వు మమ్మల్ని మర్చిపోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఒక్కడూ అడగలేదు, ఒడెట్.”

“రెండేళ్ళన్నాను. నువ్వు కోశావు.”

“కోశాను. తప్పైపోయింది, ఏం చెయ్యమంటావు?”

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు. తర్వాత ఎల్డన్ గొంతు సవరించుకుని తీర్పు చదివాడు. పుచ్చుకున్నదనడానికి ఆధారం లేదు, ఆ అనుమానం ఇక ఎవరూ ఎత్తకూడదు. ఓటింగులో గొంతు కలపడం మాత్రం తప్పే. అందుకు ఈ సమావేశాల్లోనూ వచ్చే ఏడాది సమావేశాల్లోనూ ఫోర్షే గారికి లాబీయింగు అనుమతి లేదు.

“అంటే ఈ ఏడాదీ, వచ్చే ఏడాదీ. నేనడిగిన రెండేళ్ళూ అయ్యాయిగా!” అంది ఒడెట్. అని, పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంది. ఎల్డన్ కూడా నవ్వాడు. సార్జెంటు తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు, ఎవరికేమైందోనని.

వరండాలో గ్రాంట్ చెయ్యి చాపాడు. ఒడెట్ బ్యాడ్జీ తీసి అందులో పెట్టింది. తాడు జుట్టుకు చిక్కుకుంటే అతనే విడదీశాడు, పాపం చెడ్డవాడేం కాదు. “మీరు ఆ దగ్గు ఒప్పుకుని ఉంటే బాగుండేదండీ,” అన్నాడు.

“నీకు బాగుండేది. కంపెనీ నీకేమైనా ఎగ్గొడితే చెప్పు, ఎలా అడగాలో నేర్పిస్తాను. పైసా పుచ్చుకోకుండా.”

కిందికి దిగేటప్పుడు కాంటీను ముందు ఆగింది. మామూలు మనుషులకు కాంటీన్లోకి అడ్డేం లేదు కదా. ట్రేలో కాఫీ, రెండు డోనట్‌లు పెట్టుకుని పాత బల్ల దగ్గర కూర్చుంది. కాసేపటికి ఎల్డన్ వచ్చాడు. ఎదుటి కుర్చీ లాక్కుని, తినొచ్చా అని కూడా అడక్కుండా ఒక డోనట్ తీసి కొరికాడు.

“అడగవేం?” అంది ఒడెట్.

“అడగడానికేముంది? నువ్విప్పుడు ఎవరి మనిషివీ కావు,” అన్నాడు నోరు నిండా పెట్టుకుని. ఆ మాట ఆవిడ చెవికి ఎంత తియ్యగా ఉందో చెప్పలేం.

మంగళవారం నాడు ఊళ్ళో వార్షిక సభ. ఆ వారం సెనేట్‌కు సెలవు, రాష్ట్రమంతటా ప్రతి ఊరూ తన లెక్కలు తానే చూసుకుని, ఊళ్ళో అందరూ ఓటేసే రోజు. స్కూలు జిమ్నాజియంలో మడత కుర్చీలు వేశారు. వెనకాల ఆడవాళ్ళు బీన్సు, పందిమాంసం హామ్, తియ్యటి పై రొట్టెలు సర్దుతున్నారు. బూట్ల బురద నేలంతా పరుచుకుంది. ఇన్నేళ్ళూ ఒడెట్ ఆ సభలో ముందు వరసలో, సెనేటరమ్మగా కూర్చునేది. ముందు లేచి మాంట్‌పిలియర్ కబుర్లు చెప్పేది, అందరూ చప్పట్లు కొట్టేవారు. ఈసారి గుమ్మం దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. పేపర్లో వచ్చింది, ఊరందరికీ తెలుసు. ఇక్కడివాళ్ళు కూడా ముఖం తిప్పుకుంటే?

“నడువ్, దారికడ్డంగా నిలబడకు,” అన్నాడు లియో.

పాలకేంద్రంలో పనిచేసే ముసలి బెర్నిస్ చూడనే చూసింది. “ఏమే ఒడెట్, ఇవాళ ఎవరి తరఫున వచ్చావ్? గోడ తరఫునా?” అని కేకేసింది. జిమ్ములో సగంమంది తిరిగి చూశారు.

“లియో తరఫున! ఆయనకి పై రొట్టె కావాలట!” అని తిరిగి కేకేసింది ఒడెట్. అందరూ నవ్వారు. అంతే, అయిపోయింది. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్న భయం ఒక్క నవ్వుతో తీరిపోయింది. వాళ్ళిద్దరూ మధ్యలో ఎక్కడో, రేడియేటరు పక్కన ఖాళీ ఉంటే కూర్చున్నారు.

మంచు తీసే లారీ పాతదైపోయింది, కొత్తది కొనాలా వద్దా అన్నది చర్చ. మామూలుగా అయితే ఒడెట్ చదవకుండానే కాదనేది. ఊరి ఖర్చుల విషయంలో ఆవిడ ‘కాదు’ అందరికీ తెలిసిందే. ఇవాళ ఎవరూ ఆవిడకేమీ చెప్పలేదు, ఎవరికీ ఆవిడేమీ నచ్చజెప్పనక్కర్లేదు. ఊరికే విన్నది. లారీ నడిపే అతను లేచి బ్రేకులు పడటం లేదని చెప్పాడు. స్కూలు బస్సు వెనకాల వెళ్ళేటప్పుడు తన ప్రాణం నోట్లోకి వస్తోందన్నాడు. ఒడెట్ చెయ్యెత్తి, బాగుచేయిస్తే ఎంతవుతుందని అడిగింది. అతను చెప్పాడు. ఆవిడ కాసేపు ఆలోచించింది. ఒక సంగతి గురించి ఇలా, తన కోసం తను, తీరిగ్గా ఆలోచించి ఎంతకాలమైందో.

“అవునన్నవారు?” అని అడిగాడు సభ నడిపే పెద్దమనిషి.

“అవును,” అంది ఒడెట్, జిమ్ము నిండా లేచిన అవునుల్లో కలిపి. తల తిప్పి చూసినవాళ్ళు ఎవరూ లేరు. పక్కనున్న లియోకే సరిగ్గా వినబడలేదు.

“ఏమన్నావే?” అన్నాడు చెవి దగ్గరికి వంగి.

“నీకెందుకు? లెక్కలోకి వచ్చింది,” అంది ఒడెట్.